వ్యాపారమునకు పత్రికా ప్రకటన
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మేము ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విరమించినవారము. అట్టి మమ్ము ఈ సభయందు వ్యాపారమునుగూర్చి, అందును అంతర్జాలము మూలమున పత్రికా ప్రకటనలు పంపు విధానమునుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు మొదట సంకోచించితిమి. ఈ పని యువకులది, మాకేల యంటిమి. అందులకు వారు నవ్వి, "మాస్టారూ! ప్రకటన వ్రాసినది మీరు, పొరపాటు పడినదీ మీరే. కనుక చెప్పవలసినదీ మీరే" అనిరి. ఆ మాటలో న్యాయము కలదు. కావున ముందుగా మా పొరపాటును సభవారికి విన్నవించుకొని, పిదప విషయమునకు వత్తుము.

మా యూర నేతపనివారల సహకార సంఘ మొకటి కలదు. 2019వ సంవత్సరమున ఆ సంఘమువారు తమ చీరలను, పంచెలను, తువ్వాళ్లను అంతర్జాలమున విక్రయించుటకై సొంత వెబ్‌సైటు నొకదానిని ఏర్పరచుకొనిరి. ఆ సంగతిని లోకమునకు తెలుపుటకు ఒక పత్రికా ప్రకటన కావలసివచ్చెను. ఊరిలో శుభలేఖలు దిద్దువాడును, సన్మానపత్రములు కూర్చువాడును పంతులొక్కడే గదా! ఈ పనియు మా పాలబడెను. మేము మిక్కిలి యుత్సాహముతో మూడు పుటలు వ్రాసితిమి. మొదటి పుట యంతయు వస్త్రవిద్య పురాతనకాలమునుండి యెట్లు వర్ధిల్లెనో వర్ణించుటతో సరిపోయెను. రెండవ పుట మన పూర్వుల కీర్తికి చాలలేదు. సంఘము పేరును, వెబ్‌సైటు పేరును మూడవ పుట చివర నెక్కడనో వచ్చెను. నడుమ నొకచోట, ఈ దుకాణమున చేతిమగ్గముపై నేసిన వస్త్రము తప్ప మరియొకటి లభింపదని యొక వాక్యము వ్రాసితిమి. వాక్యము వినసొంపుగా నుండెను. అది నిజమో కాదో మేము విచారింపలేదు. తువ్వాళ్లలో కొన్ని మరమగ్గములపై నేసినవి యుండెనని మాకు తరువాత తెలిసెను.

పట్టణములోని యొక ప్రచారసంస్థవారు రుసుము గైకొని, ఆ ప్రకటనను ఆంగ్లమునకు మార్చి, రెండువందల వెబ్‌సైట్లలో ప్రచురింపజేసితిమని యొక పట్టిక పంపిరి. ఆ పట్టికను చూచి మేమందరము మురిసిపోతిమి. తరువాత ఒక్కొక్క చోటును తెరచి చూడగా ఎల్లచోట్లను అవే మాటలు, అవే యచ్చుతప్పులు. చదివిన మనుష్యుని జాడ యెచటను లేదు. ఒక్క విలేకరియైనను ఫోను చేయలేదు. ఆరు మాసములు గడచునప్పటికి ఆ చోట్లలో అనేకము లదృశ్యములయ్యెను. దాని ఫలితముగా వచ్చిన యుత్తరము ఒక్కటే. పూనానగరమునుండి ఒక గృహిణి తువ్వాళ్లు తెప్పించుకొని, అవి చేతినేత కావని గుర్తించి, మా వాక్యమునే యెత్తి చూపుచు, "తువ్వాళ్ల సంగతి ఇట్లుండగా మీ చీరలను మాత్రము నేనెట్లు నమ్మవలయును?" అని వ్రాసెను.

సంఘమువారు ఆమె సొమ్ము తిరిగి పంపిరి, క్షమాపణయు చెప్పుకొనిరి. కాని ఆ ప్రశ్న మిగిలిపోయెను. ఆ దినమున సంఘములో పెద్దవాడైన యొక నేతగాడు మాతో నిట్లనెను: "మాస్టారూ, పోగు తెగితే ముడివేసుకుంటాం. మాట తెగితే ఎక్కడని ముడివెయ్యమంటారు?" ముప్పదియైదేండ్లు మేము చెప్పిన పాఠములన్నియు ఆ ప్రశ్నముందు తలవంచుకొని నిలిచినవి. ఆనాటినుండి ఈ ప్రకటన యను వస్తువేమో, ఎట్లు పుట్టెనో, ఎట్లు నడచునో తెలిసికొనుటకు పూనుకొంటిమి. తెలిసికొన్న దానిని మీ ముందు పెట్టుచున్నాము.

మొదట, పత్రికా ప్రకటనకును వ్యాపార ప్రకటనకును గల భేదము నెరుగవలయును. వ్యాపార ప్రకటనయందు పత్రికలో చోటు మనము కొనుచున్నాము. అందు మన సరకును మనము పొగడుకొనవచ్చును. పాఠకుడును అది పొగడ్త యని యెరిగియే చదువును. పత్రికా ప్రకటన యట్టిది కాదు. అది సంపాదకునకు మనము చేసికొను విన్నపము. మాయొద్ద ఇట్టి వార్త యున్నది, మీ పాఠకులకు పనికివచ్చునేమో చూడుడని చెప్పుటయే దాని స్వరూపము. దానిని సంపాదకుడు పూర్తిగా వేయవచ్చును, సగము కోయవచ్చును, చెత్తబుట్టలో పడవేయవచ్చును. అచ్చు వేసినచో, ఒక పరాయివాడు పరిశీలించి యోగ్యమని తలంచినాడను గౌరవము దానికి కలుగును. ఆ గౌరవము ధనముతో కొనదగినది కాదు. దానికి గల విలువ యంతయు అదియే.

ఈ పద్ధతి యమెరికా దేశమున ప్రబలినది. 1906వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన అట్లాంటిక్ సిటీ యొద్ద పెన్సిల్వేనియా రైలుకంపెనీవారి బండి యొకటి వంతెనపైనుండి నీటిలో పడి 53 మంది మరణించిరి. ఆ కాలమున రైలుకంపెనీలు ప్రమాదములను దాచిపెట్టుట వాడుక. కంపెనీవారికి ప్రచారకార్యమున సలహాదారుగా నుండిన ఐవీ లీ యను నాతడు, దాచుట మేలు కాదని చెప్పి, జరిగినది జరిగినట్లు వ్రాసి పత్రికలకిప్పించెను. విలేకరులను ప్రమాదస్థలమునకు చేర్చు నేర్పాటుకూడ చేయించెను. న్యూయార్కు టైమ్సు పత్రిక ఆ ప్రకటనను యథాతథముగా ప్రచురించెను. మొదటి పత్రికా ప్రకటన యదియేనని పలువురు చెప్పుదురు. సభవారొక విషయమును గమనింపవలయును. వర్తకులు నేడు కీర్తికొరకు వాడుకొను నీ సాధనము, కీర్తికొరకు గాక, కష్టకాలమున నిజమును దాచక చెప్పుటకొరకు వాడుకలోనికి వచ్చినది.

మన తెలుగునాట వార్తకును వర్తకమునకును గల చుట్టరికమును కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారికంటె బాగుగ నెరిగినవారు లేరు. వారు 1893లో బొంబాయినగరమున అమృతాంజనమును తయారుచేయ నారంభించిరి. మొదటి దినములలో సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టిరి. గొప్ప మాటలు చెప్పుటకు మారుగా వస్తువునే చేతికిచ్చి, వాడి చూడుడనిరి. ఆ వ్యాపారమున గడించిన ధనముతో ఆంధ్రపత్రికను స్థాపించి, 1914లో చెన్నపట్టణమున దానిని దినపత్రికగా వెలయించిరి. మొదట సరకు, తరువాత మాట. ఈ క్రమమును మేము మూడు పుటలు వ్రాసిననాడు తలక్రిందులు చేసితిమి.

ఇక ప్రకటనలను పంచిపెట్టు సంస్థల సంగతి. 1954లో న్యూయార్కునగరమున పీఆర్ న్యూస్‌వైర్ అను సంస్థ వెలసెను. కంపెనీల ప్రకటనలను టెలిప్రింటరు తీగలమీదుగా పత్రికాలయములకు ఏకకాలమున చేర్చుట దాని పని. 1961లో శాన్‌ఫ్రాన్సిస్కోనగరమున బిజినెస్ వైర్ అనునది పుట్టెను. అంతర్జాలము వ్యాపించిన పిదప 1997లో పీఆర్‌వెబ్ అనునది బయలుదేరి, చిన్న వర్తకులకుకూడ ఈ మార్గమును తెరచెను.

దీనితో గొప్ప మార్పు కలిగెను. పూర్వము ప్రకటన సంపాదకుని బల్లవరకే పోయెడిది. ఆయన ద్వారపాలకుని వలె నిలిచి, మంచిని లోనికి విడిచి తక్కినదానిని వెనుకకు పంపెడివాడు. ఇప్పుడో, అదే ప్రకటన సంపాదకునితోపాటు పాఠకునికిని అదే నిమిషమున చేరుచున్నది. గూగుల్‌లో వెదకువారికి కనబడుచున్నది. ద్వారపాలకుడు లేని యింట యజమానియే మేలుకొని యుండవలయును గదా! అట్లే, సంపాదకుని విచారణ తప్పిపోయినచోట సత్యవిచారణభారము వ్రాయువానిపైననే పడుచున్నది. ఆ భారమును మరచినచో ఏమగునో తెలుపుటకు రెండు వృత్తాంతములు చెప్పుదుము.

2000వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన అమెరికాలో ఎమ్యులెక్స్ అను కంపెనీ పేర నొక ప్రకటన ఇంటర్నెట్ వైర్ అను పంపిణీసంస్థ ద్వారా వెలువడెను. కంపెనీ యధిపతి రాజీనామా చేసెననియు, లాభములుగా చూపినవి నష్టములనియు అందుండెను. అంతయు కల్ల. ఆ పంపిణీసంస్థలో పూర్వము పనిచేసిన యిరువదిమూడేండ్ల యువకుడు స్వలాభమునకై దానిని కల్పించి పంపెను. వార్తాసంస్థలు విచారింపకయే దానిని ప్రచారము చేసినవి. గంటలోపలనే 113 డాలర్ల వాటా 43 డాలర్లకు పడిపోయెను. కంపెనీ విలువలో రెండువందల కోట్ల డాలర్లకు పైగా మాయమయ్యెను. నిజము బయటపడిన పిదప ధర మరల లేచెను. కాని భయముతో ఆ గంటలో అమ్ముకొన్నవారి నష్టము తీరునదియా? ఆ యువకునకు మరుసటి యేడు 44 నెలల కారాగారశిక్ష పడెను.

2012వ సంవత్సరము నవంబరు మాసమున పీఆర్‌వెబ్ ద్వారానే మరియొక కల్లప్రకటన వెలువడెను. ఐకోవా యను చిన్న కంపెనీని గూగుల్ సంస్థ 40 కోట్ల డాలర్లకు కొన్నదని దాని సారాంశము. పేరుపొందిన వార్తాసంస్థలుకూడ నమ్మి ప్రచురించి, అది కల్ల యని తేలిన పిదప వెనుకకు తీసికొనినవి.

ఈ వృత్తాంతములు విని, మనకు వాటాలు లేవు, కోట్లు లేవు, ఇవి మనకేల యని యెవరైన అనుకొనవచ్చును. ఎమ్యులెక్స్ పేర కల్ల వ్రాసినవాడు మోసగాడు. మేము మోసగాండ్రము కాము. కాని విచారింపక వ్రాసిన కల్లకును, మోసముతో వ్రాసిన కల్లకును చదువువానికి భేదమేమి కనబడును? పూనా గృహిణికి రెండును ఒక్కటియే.

ఇక రెండువందల చోట్ల ప్రచురణ యను మాటకు వత్తుము. డబ్బు పుచ్చుకొని ప్రకటనలను పంచు సంస్థలు కొన్ని వార్తాసంస్థలతో ఒడంబడిక చేసికొనును. ఆ ప్రకటన వారి వెబ్‌సైట్లలో నొక మూల కనబడును. మన దేశమున ప్రెస్ ట్రస్టు వంటి ప్రసిద్ధ సంస్థకూడ ఇట్టి ప్రకటనలను వేయుచు, దాని సంపాదకీయ బాధ్యత తమది కాదని స్పష్టముగ వ్రాయుచున్నది. అది న్యాయమే. కాని మన యువకులు ఆ వాక్యమును విడిచి, పై భాగమును మాత్రము అద్దము కట్టించుకొని, మావార్త ప్రెస్ ట్రస్టులో వచ్చినదని చెప్పుకొనుచున్నారు. అది వార్త కాదు, అద్దెకు తీసికొన్న గోడ. మరికొందరు తమ వెబ్‌సైటు గూగుల్‌లో పైకి వచ్చుటకై ప్రకటనల నిండ లింకులు గుప్పింతురు. 2013లోనే గూగుల్‌వారు, అట్టి ప్రయోజనమునకై ప్రకటనలలో కూర్చిన లింకులు తమ నియమములకు విరుద్ధములని తెలిపిరి. కనుక ఆ ప్రయాసయు వ్యర్థమే.

అట్లయినచో ప్రకటనలు పంపుట మానవలెనా? మేమట్లు చెప్పుటలేదు. నేతవస్త్రమును కొనగోరువారు దేశమంతటను, దేశాంతరములందును కలరు. వారికి మన యూరి పేరైనను తెలియదు. 2019-20లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేత గణనమునందు ముప్పదియైదు లక్షలకు పైగా పనివారు లెక్కకు వచ్చిరి. అందరొక్కచోట నుండి మాటలాడినచో ఎవని మాటయు వినబడదు. తన మాటను చక్కగా చెప్పుకొననేర్చినవానికే బజారున చోటు. కావున మానుట గాదు, నేర్చుకొనుటయే కర్తవ్యము.

మేము సంస్కృతము చదివినవారము గనుక మాకు తెలిసిన త్రోవననే చెప్పుదుము. మన తర్కశాస్త్రజ్ఞులు మాట ప్రమాణము కావలెనన్న చెప్పువాడు ఆప్తుడు కావలెననిరి. విషయమును చక్కగా ఎరిగి, ఎరిగినదానిని ఉన్నట్లు చెప్పువాడే ఆప్తుడు. మరియు పదములు కలిసి వాక్యమై యర్థము నిచ్చుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యని మూడు కావలెననిరి. పత్రికా ప్రకటనకును ఈ మూడే చాలును.

ఆకాంక్ష యనగా ఎదురుచూపు. ఆవు, గుఱ్ఱము, మనుష్యుడు, ఏనుగు అని వరుసగా చెప్పినచో వాక్యము కాదు. వినువానికి ఏమి తెలియవలెనో అది చెప్పబడలేదు. మా మూడు పుటలును అట్టివే. విలేకరి యెదురుచూచునది ఆరు ప్రశ్నలకు సమాధానము: ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎట్లు. ఇవి మొదటి పేరాలోనే రావలయును. శీర్షిక యొక్క పంక్తి మించరాదు. శీర్షిక క్రింద ఊరిపేరును, తేదీయు నుండవలయును. తరువాత వివరము. అటుపిమ్మట బాధ్యతగల యొకరి మాట, వారి పేరుతోను హోదాతోను. చివర సంస్థ పరిచయము నాలుగు పంక్తులు, సంప్రదింపవలసినవారి పేరు, ఫోను. అంతయు నొక పుటకు మించరాదు. సంపాదకుడు చోటు చాలక క్రిందినుండి కోసివేసినను పైభాగము వార్తగా నిలువవలయును. పూర్వుల కీర్తి వ్రాయుటకు ఇట్టి జ్ఞాపికలు కలవు. ప్రకటనయందు దానికి పని లేదు.

యోగ్యత యనగా పొసగుట. నిప్పుతో చేను తడిపెనన్నచో మాటలన్నియు మంచివే, అర్థము పొసగదు. దేశమున మొట్టమొదటిది, ప్రపంచమున సాటిలేనిది, నూటికి నూరుపాళ్లు చేనేత అనునట్టి మాటలు ఋజువు లేనిచో నిప్పుతో తడుపుటయే. ప్రకటనలోని ప్రతి సంఖ్యను వ్రాయువాడు తన కంటితో చూచి లెక్కింపవలయును. ప్రతి విశేషణమును తీసివేసి చూడవలయును. తీసివేసినను వార్త నిలిచినచో అది యక్కరలేని విశేషణమే. పిదప పొరపాటు తెలిసినచో దాచక, సవరణ ప్రకటనను అదే మార్గమున, అదే జాబితాలోని వారికందరకును పంపవలయును.

సన్నిధి యనగా దగ్గరగా నుండుట. ఒక పదము నిప్పుడును, మరియొకటి జామైన పిదపను పలికినచో వాక్యము కాదు. ప్రకటనయు కాలమునకును, స్థలమునకును, మనుష్యునకును దగ్గర కావలయును. ఆగస్టు 7వ తేదీని 2015 మొదలుకొని జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. 1905లో ఆ దినముననే కలకత్తాలో స్వదేశీయుద్యమము ప్రకటింపబడెను. ఆ దినమునకు వారము ముందు మన వార్త చేరినచో దానికి చోటు దొరకును, పది దినముల తరువాత చేరినచో దొరకదు. మధ్యాహ్నములోపల చేరిన వార్తకు మరునాటి జిల్లాపుటలో చోటు సులభము. మన మండలమున తిరుగు విలేకరి, చేనేతనుగూర్చి వ్రాయు విలేకరి, వ్యాపారపుట చూచు ఉపసంపాదకుడు, వీరి పేర్లు తెలిసికొని పేరుపేరున ఈమెయిలు పంపవలయును. అయిదువందలమందికి ఒకే యుత్తరమును గుంపుగా పంపినచో, అది తనకు వ్రాసినది కాదని ప్రతివాడును గ్రహించును.

పంపునపుడు చిన్న సంగతులు కొన్ని కలవు. చిన్నవైనను పని చెడగొట్టగలవు. మన అచ్చుకూటములలో పాత అను ఫాంట్లతో కూర్చిన తెలుగు, ఆ ఫాంటు లేని యంత్రమున చదువరాని గీతలుగా కనబడును. గూగుల్‌కును అది తెలుగని తెలియదు. కనుక ప్రకటనను యూనికోడ్ లిపిలోనే కూర్చవలయును. దానిని బొమ్మగా గాక, ఎత్తి వ్రాసికొనుటకు వీలైన యక్షరములుగా ఈమెయిలులోనే పెట్టవలయును. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఛాయాచిత్రము కుదించుకుపోయి అచ్చునకు పనికిరాకపోవును. అసలు చిత్రమునే పంపి, అందున్నవారెవరో ఎడమనుండి కుడికి పేర్లు వ్రాయవలయును. అన్నిటికంటె ముందు ఆ ప్రకటనను మన సొంత వెబ్‌సైటున తేదీతో నిలుపవలయును. పరులచోట పెట్టినది వారు తీసివేసినచో పోవును. మన యింట పెట్టినది పదియేండ్ల తరువాతను సాక్ష్యమిచ్చును. డబ్బిచ్చి పంచు సంస్థల సాయము దూరదేశముల బేరగాండ్రకు తెలుపవలసినపుడు, నిజముగా పెద్దవార్త యున్నపుడు మాత్రమే కోరవలయును. అప్పుడును ఎన్నిచోట్ల ప్రచురింతురని గాక, ఎవరు చదువుదురని యడుగవలయును.

ఈ నియమములను మేమే మొదట పాటించి చూచితిమి. 2020లో కరోనా వ్యాధిమూలమున మా యూర మగ్గము లాగిపోయెను. 2021 జూలై చివర, ఆగిన మగ్గములలో పదునాలుగు మరల నాడుచున్నవనియు, వానిలో అయిదింటిపై క్రొత్తగా పని నేర్చిన స్త్రీలు కూర్చున్నారనియు ఒక్క పుటలో వ్రాసి, తొమ్మండుగురు విలేకరులకు పేరుపేరున పంపితిమి. చేనేత వస్త్రములేవో, మరమగ్గపు తువ్వాళ్లేవో, రెండిటిని వేరుగా గుర్తించి యమ్ముచున్నామనికూడ అందు వ్రాసితిమి. సంఘములో కొందరు, అది మనంతట మనము చెప్పుకొననేల యనిరి. పెద్ద నేతగాడు మాత్రము, "రాయండి మాస్టారూ, అదే ముడి" అనెను.

తొమ్మండుగురిలో ఇద్దరు ప్రచురించిరి. మరియొక యువవిలేకరి ప్రకటన నమ్మక తానే మోటారుసైకిలుపై వచ్చి మగ్గములు లెక్కించెను. పదమూడే యున్నవి. ఒకటి యంతకుముందు రెండు దినములక్రితమే మరమ్మతునకై విప్పబడెను. మేము సిగ్గుపడి ఆ సంగతి చెప్పితిమి. ఆతడు విప్పిన మగ్గమునుకూడ చూచి, పదమూడు మగ్గములాడుచున్నవి, ఒకటి మరమ్మతులో నున్నదని వ్రాసెను. మాకు మేలు చేసినది ఆ పదమూడను సంఖ్యయే. ఒకడు వచ్చి లెక్కపెట్టినాడని చదివినవారికి తెలిసెను. హైదరాబాదునుండి ఇరువురు వర్తకులు ఆ వార్త చేతబట్టుకొని వచ్చి, మగ్గములు చూచి, చీరలు కొనిపోయిరి. వారిలో నొకరు నేటికిని కొనుచున్నారు. పదమూడు మగ్గములకు అది పెద్దలాభమని మేము చెప్పము. కాని ఆ యేడు ఆ పదమూడును ఆగలేదు.

ఇందులో మన కులమునకంతకును సంబంధించిన విషయ మొకటి కలదు. ఇతర వ్యాపారములలో ఒక దుకాణదారుడు కల్ల పలికినచో ఆ దుకాణము చెడును. మనకట్లు కాదు. చేనేత యను మాట మనయందరి యుమ్మడి యాస్తి. పోచంపల్లి ఇక్కత్తునకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ పేరును అర్హత లేని సరకునకు తగిలించినచో 1999నాటి చట్టము ప్రకారము ఆరుమాసములనుండి మూడేండ్లవరకు కారాగారమును, యేబదివేలనుండి రెండులక్షల రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును. 2019నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము మోసపుచ్చు వ్యాపారప్రకటనకు మొదటిసారి పదిలక్షల రూపాయలవరకు జరిమానా కలదు. కాని చట్టమునకు భయపడి నిజము చెప్పుమని మేము కోరుటలేదు. ఎవడో యొకడు మరమగ్గపు గుడ్డను చేనేత యని ప్రకటించి లాభపడిననాడు, ఆ సొమ్ము కొనినవాని జేబునుండి మాత్రమే రాలేదు. ఎక్కడనో దీపముక్రింద నాడె విసరుచున్న మన యక్క చెల్లెలి కూలినుండి వచ్చినది. ఆ సంగతి మరువరాదు.

కావున ఈ మహాసభవారికి మేము చేయు ప్రార్థన యిది. మన సంఘమునకు అనుబంధముగా నొక ప్రకటనశాఖను స్థాపింపవలయును. చదువుకొన్న యువతీయువకు లిద్దరు, నేతపని తెలిసిన పెద్ద యొకరు, భాష దిద్దుటకు మావంటి పంతు లొకరు చాలుదురు. ఏ యూరి సహకారసంఘమైనను, ఏ చిన్న వర్తకుడైనను తన వార్తను వీరికి తెలుపవలయును. పెద్ద విచారించి నిజమన్న పిదపనే యువకులు తెలుగునను ఆంగ్లమునను వ్రాసి, సంఘము వెబ్‌సైటున నిలిపి, విలేకరులకు పంపవలయును. విలేకరుల జాబితాను ఏటేట సరిచూడవలయును. విచారణలో నిలువని వార్తను, అది యెంత గొప్ప పోషకునిదైనను, సవినయముగా త్రిప్పి పంపు స్వాతంత్ర్యము ఆ పెద్దకుండవలయును. ఈ చివరి నియమము లేనిచో తక్కినవన్నియు వ్యర్థములు.

దీనికి కావలసినది ఒక కంప్యూటరు, ఒక మంచి కెమెరా, ఆ యువకులిద్దరికి నెలకింత భత్యము. సంఘపోషకులు వివాహమంటపములకును, విద్యార్థి వసతిగృహములకును ఉదారముగా నిచ్చుచున్నారు. మంటపమున కిచ్చినవారి పేరు గోడపై నుండును. దీనికిచ్చినవారి పేరు కనబడదు, కాని మగ్గముల చప్పుడులో వినబడును. మేముకూడ మా పింఛనునుండి శక్త్యనుసారముగా నీయగలము. ఆ శాఖలో భాష దిద్దు పంతులుగా కూర్చుండుటకును సిద్ధముగా నున్నాము. ఈసారి మూడు పుటలు వ్రాయమని మాట యిచ్చుచున్నాము.

మన మగ్గములు ఆగకుండుగాక. మన మాట తెగకుండుగాక. స్వస్తి.